సురభి కమలాబాయి: తెలుగు టాకీకి తొలి కథానాయిక

సురభి కమలాబాయి తెలుగు రంగస్థల నటి, గాయని. మొదటి నుంచి చివరి దాకా తెలుగులోనే మాట్లాడిన తొలి సినిమా ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం వేసి, తెలుగు టాకీకి తొలి కథానాయిక అయింది. 1907లో పుట్టి, 1970ల్లో కన్నుమూసింది. టాకీలు వచ్చిన తొలి రోజుల్లోనే ‘పాదుకా పట్టాభిషేకం’లో సీతగా, ‘శకుంతల’లో శకుంతలగా నటించింది. తర్వాత చాలా ఏళ్లు బొంబాయిలో హిందీ చిత్రాలు చేసింది. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లి ఆమే.

సినిమా చరిత్ర పుస్తకాల్లో సాధారణంగా ఇంతే దొరుకుతుంది. కమలాబాయిని అర్థం చేసుకోవాలంటే మాత్రం సినిమా కన్నా యాభై ఏళ్లు వెనక్కి, రాయలసీమ పల్లెల్లో తోలుబొమ్మలాట తెర వెనక్కి వెళ్లాలి. ఆ తెర చాటున కూర్చుని సీత బొమ్మకు, ద్రౌపది బొమ్మకు గొంతునిచ్చిన ఆడవాళ్ల వారసురాలు ఆమె. తొలి తెలుగు తారను తయారు చేసింది ఆ కుటుంబాల ఆటే.

ఆడవేషం కట్టిన మగవాళ్లు

ఆ ఆట విలువ తెలియాలంటే ముందు మిగతా నాటకాల సంగతి చూడాలి. చిత్తూరు జిల్లా కొసన, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట గుడుపల్లె, కుప్పం మండలాలున్నాయి. బెంగుళూరు–జోలార్‌పేట రైలు దారి పక్కన, కోలారు బంగారు గనులకు దగ్గరలో ఉండే పల్లెలివి. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ భారతాలు మొదలవుతాయి. ధర్మరాజుల గుడి దగ్గర రోజుల తరబడి పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ద్రౌపదీ కల్యాణం, వస్త్రాపహరణం, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం. చివరి రోజు నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ బొమ్మ చుట్టూ భీముడి వేషగాడు గద పట్టుకుని తిరగడం. పుంగనూరు, మదనపల్లె వైపు పల్లెల్లోనూ ఇదే వరస.

ఈ నాటకాల్లో నిండు సభలో జుట్టు విరబోసుకుని ఏడ్చే ద్రౌపది మగవాడు. మీసం తీసేసి, చీర కట్టి, సవరం పెట్టుకుని, గొంతు సన్నం చేసి పాడతాడు. తెల్లవార్లూ కూర్చుని చూసే ఆడవాళ్లు అతన్ని ద్రౌపదమ్మగానే చూస్తారు, కళ్లు ఒత్తుకుంటారు. అందులో కొరతేమీ లేదు. గొప్ప ఆడవేషగాళ్లు ఈ నేల మీద తరతరాలుగా ఉన్నారు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ద్రౌపది కష్టానికి కళ్లు ఒత్తుకునే ఆడవాళ్లలో ఒక్కరు కూడా వేదిక ఎక్కి ద్రౌపదిగా ఎందుకు మాట్లాడలేదు?

పట్నాల్లో నాటక సమాజాల పద్ధతీ ఇదే. చిత్తూరులో రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకున్న నాగయ్య, తర్వాత తెలుగువాళ్లకు ‘పోతన’గా, ‘త్యాగయ్య’గా గుర్తుండిపోయిన ఆ నాగయ్య, కుర్రవాడుగా ఉన్నప్పుడు ‘సారంగధర’లో చిత్రాంగి వేషం వేశాడు. కోస్తాలో స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా నటించి 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. కూచిపూడి భామాకలాపం శతాబ్దాల పాటు మగవాళ్ల సొత్తే. మరాఠీ నాట బాలగంధర్వ కట్టిన చీరల తీరును చూసి ఇళ్లలో ఆడవాళ్లు అలంకరించుకునేవాళ్లు.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతీ కాదు. షేక్స్‌పియర్ బతికి ఉండగా ఆయన నాటకాల్లో జూలియెట్‌నూ డెస్డిమోనానూ గడ్డం రాని కుర్రవాళ్లే వేశారు. ఇంగ్లండులో వృత్తి నాటకశాలలో ఒక స్త్రీ ‘ఒథెల్లో’లో డెస్డిమోనాగా రంగస్థలం ఎక్కింది 1660 డిసెంబరులో. రెండవ చార్లెస్ రాజు తిరిగి సింహాసనం ఎక్కి, మూతపడిన నాటకశాలలు తెరిపించాక గానీ అది జరగలేదు. బెంగాల్లో బినోదిని దాసి వంటివాళ్లు 1870ల్లో, 80ల్లో వేదిక ఎక్కారు, దానికి సంఘం వేసిన నిందలన్నీ మోశారు.

తెలుగునాట ఆడవాళ్లు అసలే ఆడి పాడలేదని కాదు. దేవాలయాల్లో, మేజువాణీల్లో ఆడి పాడిన కళావంతుల విద్య చాలా గొప్పది. అయితే ఆ విద్యను చూసి ఆనందించిన సంఘమే వాళ్లను తన పంక్తిలో కూర్చోనివ్వలేదు. అందుకే పద్యనాటకం పుట్టినప్పుడు ‘సంసార స్త్రీ’ వేదిక ఎక్కడం ఊహకందని మాట. బళ్లారి రాఘవ ఆ కట్టు తెంచాలని చాలా కష్టపడ్డాడు. స్త్రీ పాత్ర స్త్రీయే వేయాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న ఇల్లాళ్లను తన సరసన వేదిక మీదికి తెచ్చాడు. ఆయన ఆ పని చేసినందుకు చరిత్ర ఆయన్ను గౌరవించింది, న్యాయమే. కానీ అదే పనిని అంతకు చాలా ముందే, ఉపన్యాసాలేవీ ఇవ్వకుండా, ఒక సంచార కుటుంబం చేసేసింది.

బొమ్మ వెనక గొంతు

కడప జిల్లా చక్రాయపేట మండలంలో సురభి అనే చిన్న ఊరుంది. పూర్వం దాన్ని సొరుగు అనేవాళ్లు. 1885లో ఆ ఊళ్లో ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావు బృందం ‘కీచకవధ’ ఆడింది. అంతవరకు వాళ్లు తోలుబొమ్మలాటవాళ్లు. మరాఠా నేల నుంచి తరాల క్రితం దిగివచ్చి, ఊరూరా తిరుగుతూ రామాయణ భారతాలు ఆడించి బతికిన కుటుంబాలు వాళ్లవి. ఇంట్లో మరాఠీ యాస, ఆటలో తెలుగు. ఆ రోజు మాత్రం బొమ్మలు పక్కన పెట్టి, మనుషులే వేషాలు కట్టి ఆడారు. ఆట నచ్చింది. ఊరి పేరే నాటక సమాజానికి పేరైంది, తర్వాత ఆ కుటుంబాలకు ఇంటిపేరులా అంటుకుపోయింది. అంటే కమలాబాయి పేరు ముందున్న ‘సురభి’ ఆమె పుట్టింటిదీ మెట్టినింటిదీ కాదు. ఒక ఊరిది, ఒక విద్యది.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. అది కుటుంబమంతా కలిసి ఆడే ఆట. మగవాళ్లు రావణుడికీ భీముడికీ గొంతునిస్తే, ఆడవాళ్లు సీతకూ ద్రౌపదికీ పాడతారు. హాస్యగాడు కేతిగాడి చిలిపి మాటలకు దీటుగా బంగారక్క విసిరే జవాబులూ వాళ్లవే. తెర వెనక దీపం వెలుగులో చంటిపిల్లను ఒళ్లో పెట్టుకునే పద్యం ఎత్తుకునేవాళ్లు. ఆ గొంతు జనానికి తరాలుగా తెలుసు. ముఖమే తెలియదు.

బొమ్మ స్థానంలోకి మనిషి రాగానే ఇక్కడ పని సులువైపోయింది. సీత బొమ్మకు పాడిన ఆమే సీత అయింది. మగవాడికి చీర కట్టి, అతని గొంతు సన్నం చేయించాల్సిన అవసరం సురభివాళ్లకు రాలేదు. నాన్న దుర్యోధనుడు, అమ్మ ద్రౌపది, మేనమామ శకుని, పిల్లలు ఉపపాండవులు; ఇల్లే నాటకం. వేదిక మీద సరసన నిలబడేది భర్తో అన్నో తండ్రో కనుక ‘పరాయి మగవాడి పక్కన’ అనే అభ్యంతరానికి చోటే లేకపోయింది. తెలుగు నాటకంలో స్త్రీ పాత్రను స్త్రీకి అప్పగించిన ఘనత ఎవరిదని అడిగితే, సంస్కర్తల పేర్లకు ముందు ఈ పేద బొమ్మలాట ఇల్లాళ్ల పేర్లు చెప్పాలి. వాళ్ల పేర్లలో చాలా వరకు ఎవరూ రాసిపెట్టలేదు.

సురభి పెరిగింది. ఒకటి రెండై, రెండు నాలుగై, ఒక దశలో నలభైకి పైగా సమాజాలయ్యాయి. అన్నీ బంధువులవే. ఒక ఊళ్లో డేరా వేస్తే నెలల తరబడి మకాం. రంగుల పరదాలు, కప్పీల మీద తాళ్లు లాగితే గాలిలో తేలే నారదుడు, ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి ముందు మాయమయ్యే పిండివంటలు. సామానంతా ఎద్దుల బండ్ల మీద, రైలు పెట్టెల్లో. ఆ డేరాల్లో పుట్టిన పిల్లలకు బడి, ఆటస్థలం, వంటిల్లు అన్నీ వేదిక చుట్టూనే. నడక రాకముందే చిన్నికృష్ణుడి వేషం, మాట రాగానే లవుడో కుశుడో.

డేరాలో పుట్టిన పాప

కమలాబాయి తల్లిదండ్రులు కృష్ణాజీరావు, వెంకూబాయి. ఇద్దరూ సురభి నటులే. ఆమె పుట్టుక గురించి సురభి కుటుంబాల్లో ఒక కథ చెప్పుకుంటారు. నిండు నెలలతోనే వెంకూబాయి దమయంతి వేషం కట్టిందట. ఆట సాగుతుండగా నొప్పులు వచ్చాయి. చూసేవాళ్లు అదీ దమయంతి దుఃఖంలో భాగమే అనుకున్నారు. తెర దించారు. తెర వెనక పాప పుట్టింది.

ఇందులో ఎంత ఉన్నది ఉన్నట్టు, ఎంత కథ అని ఇప్పుడు విడదీయలేం. విడదీయాల్సిన పనీ లేదు. సంచార నాటక కుటుంబంలో నిండు గర్భిణి వేషం కట్టడం వింత కాదు. ఆమె ఆడకపోతే ఆ రాత్రి ఆట లేదు, మర్నాడు పొయ్యి వెలగదు. ఆ కథలో నన్ను ఆపేసేది బిడ్డ వేదిక మీద పుట్టిందన్న విశేషం కన్నా, ఆ తల్లి పని మానలేకపోయిందన్న మాట.

చిన్నప్పుడు కమలాబాయి కృష్ణుడు, ప్రహ్లాదుడు, లవుడు వేసింది. పెద్దయ్యాక నాయిక వేషాలు కట్టింది, మగవేషాలూ కట్టింది. సురభిలో ఇది మామూలే. మిగతా సమాజాల్లో మగవాళ్లు ఆడవేషం కడితే, ఇక్కడ అవసరమైనప్పుడు ఆడవాళ్లు గడ్డం, కిరీటం పెట్టుకుని రాజులయ్యారు. నాటకం మొత్తం కంఠస్థం. ఎవరు మంచాన పడినా ఆ పాత్ర ఇంకొకరు అందుకోవాలి. వెయ్యిమంది కూర్చున్న డేరాలో చివరి వరసకు వినబడేలా, మైకు లేకుండా, తెల్లవారేదాకా పద్యం పాడగల ఊపిరి కావాలి. కమలాబాయి చదివిన నటనా పాఠశాల ఇదే. ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి ఆమె అనుభవం దాదాపు ఇరవై నాలుగేళ్లది.

‘భక్త ప్రహ్లాద’

1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’ విడుదలై హిందుస్థానీలో సినిమా మాట్లాడింది. ఆ సినిమా తీసిన సంస్థ అధిపతి అర్దేషిర్ ఇరానీ దగ్గర హెచ్.ఎం.రెడ్డి పనిచేస్తున్నాడు. బెంగుళూరులో పోలీసు ఉద్యోగం వదిలి సినిమాల్లోకి వెళ్లిన మనిషి ఆయన. ఇరానీ దక్షిణాది భాషల పని ఆయనకు అప్పజెప్పాడు. 1931 అక్టోబరు 31న విడుదలైన ‘కాళిదాస్’లో టి.పి.రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, కొందరు తెలుగులో మాట్లాడారు. అది కలగాపులగపు చిత్రం. తర్వాతది పూర్తిగా తెలుగు కావాలి.

తెలుగు సినిమా తీయాలంటే కథ, మాట, పాట, నటులు ఒక్కసారిగా కావాలి. మూకీ రోజుల్లో ముఖం ఉంటే సరిపోయింది. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’లో గంగ వేషం ఒక ఆంగ్ల యువతి వేసింది, తెలుగు రాకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే గంగ మాట్లాడదు. టాకీతో లెక్క మారిపోయింది. తెలుగు పద్యం రాగం తీసి పాడగల స్త్రీ కావాలి. కెమెరా ముందు సిగ్గుపడనిది, నాటకం మొత్తం నోటికి వచ్చినది, పొరుగు రాష్ట్రంలో వారాల తరబడి ఉండి పనిచేయడానికి ఇంటివాళ్లు అడ్డుపడనిది. 1931లో ఈ లక్షణాలన్నీ ఉన్న ఆడవాళ్ల కోసం వెతికితే చూపు సురభి డేరా మీద పడక తప్పదు. హెచ్.ఎం.రెడ్డి అక్కడికే వెళ్లాడు.

కథ ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసిన ‘ప్రహ్లాద’ నాటకం. ఆయన బళ్లారివాడు, ఆంధ్ర నాటక పితామహుడని పేరు పడ్డవాడు. నాటకం అప్పటికే జనానికి బాగా పరిచయం. పాటలు ఖమ్మం ప్రాంతపు చందాల కేశవదాసు రాశాడు. తొలి తెలుగు సినీ గీత రచయితగా ఆయన పేరు నిలిచింది. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు అనే బాలుడు, లీలావతి కమలాబాయి. తర్వాత దర్శకుడిగా దేశమంతా పేరు పొందిన ఎల్.వి.ప్రసాద్ ఇందులో చండామార్కుల శిష్యుల్లో ఒక మొద్దబ్బాయి. చిన్నప్పుడు తాను ప్రహ్లాదుడిగా నిలబడిన నాటకంలోనే కమలాబాయి ఇప్పుడు ప్రహ్లాదుడి తల్లి.

దాదాపు 20 వేల రూపాయలతో, మూడు వారాలలోపే సినిమా పూర్తి చేశారని చరిత్రకారులు రాశారు. ఈ వేగం వెనక రహస్యం కెమెరాలో లేదు. నటులకు మాటలు నేర్పాల్సిన పని లేదు, పాటలు సాధన చేయించాల్సిన పని లేదు; ఏ కొమ్మ మీద ఏ పిట్ట పాడాలో వాళ్లకే తెలుసు. కష్టం ఇంకోచోట ఉంది. అప్పట్లో బొమ్మ, శబ్దం ఒకేసారి ఒకే ఫిల్ము మీద పట్టేవాళ్లు. తర్వాత డబ్బింగు చెప్పడం, వేరొకరి చేత పాడించడం అనే సౌకర్యాలు లేవు. ‘ఆలం ఆరా’ తీసినప్పుడు పక్కనే రైళ్ల చప్పుడు వల్ల రాత్రులే ఎక్కువ పని చేయాల్సి వచ్చింది. మైకు ఎక్కడో చెట్టు చాటునో, సింహాసనం వెనకో దాచిపెట్టి ఉంటుంది. దాని పరిధి దాటి రెండడుగులు వేస్తే మాట పోతుంది. వాయిద్యాలవాళ్లూ కెమెరాకు కనబడకుండా అక్కడే వాయించాలి. ఒక్క పదం తడబడితే పాట మొత్తం మళ్లీ.

డేరా చివరి వరసకు గొంతు విసరడం అలవాటైన నటికి, జానెడు దూరంలో ఉన్న ఇనుప చెవికి పాడటం ఎంత కొత్తో ఊహించండి. చేతులు చాచి ఆడే మనిషి గీసిన గీత లోపల నిలబడాలి. చప్పట్లుండవు, ‘వన్స్ మోర్’ ఉండదు, ఎదురుగా జనమే ఉండరు. కమలాబాయి ఆ కొత్త పద్ధతికి సర్దుకుంది. కట్టుకున్న భర్తే కొడుకును చంపించబోతుంటే ఇద్దరి మధ్యా నలిగే తల్లి పాటలను ఆమె తన గొంతుతోనే పాడింది. తెలుగు సినిమాలో తొలిసారి వినబడిన స్త్రీ దుఃఖం లీలావతిది. నాయిక అనగానే పడుచుపిల్ల, ప్రేమ అనుకునే అలవాటు తర్వాత వచ్చింది. తెలుగు టాకీ తొలి నాయిక ఒక తల్లి.

సినిమా విడుదల తేదీ మీద చాలాకాలం ఒక పొరపాటు నడిచింది. 1931 సెప్టెంబరు 15 అని పుస్తకాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు కాగితాలు వెతికి, సెన్సారు సర్టిఫికెట్ 1932 జనవరి 22దనీ, బొంబాయి కృష్ణా సినిమాలో ఫిబ్రవరి 6న విడుదలైందనీ తేల్చాడు. ఇలాంటి ఓపికైన పరిశోధన కమలాబాయి జీవితం మీద కూడా జరగాలి.

సీత, శకుంతల, బొంబాయి

1932లోనే సర్వోత్తమ్ బాదామి దర్శకత్వంలో సాగర్ సంస్థ తీసిన రెండు తెలుగు చిత్రాల్లో కమలాబాయి కథానాయిక. ‘పాదుకా పట్టాభిషేకం’లో అద్దంకి శ్రీరామమూర్తి రాముడు, ఆమె సీత. ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణ దుష్యంతుడు, ఆమె శకుంతల. ఇద్దరూ అప్పటికే నాటకాల్లో జేజేలు అందుకుంటున్న నటులు. అంటే తెలుగులో వచ్చిన తొలి చిత్రాల్లో మూడింటికి ఒకే నాయిక. ఇది ఆమె ప్రతిభకు గుర్తు. ఆమెలా తయారైన ఆడవాళ్లు ఎంత అరుదో చెప్పే లెక్క కూడా.

తర్వాత సాగర్ సంస్థ పిలుపు మీద ఆమె బొంబాయిలో ఉండిపోయింది. దాదాపు పదేళ్లలో పాతిక దాకా హిందీ చిత్రాల్లో నటించిందని ఆమె జీవిత కథనాలు చెబుతాయి. డేరా నుంచి వచ్చిన తెలుగు నటి బొంబాయిలో నిలదొక్కుకోవడానికి ఇంటి మరాఠీ యాస అక్కరకు వచ్చే ఉంటుంది. సంచారం ఆమెకు కొత్త కాదు; మకాం మారింది, అంతే. కానీ ఈ దూరం వల్ల నష్టం జరిగింది. సరిగ్గా ఆ పదేళ్లలోనే తెలుగు సినిమా నడక నేర్చింది, జనం కొత్త తారలకు అలవాటు పడ్డారు, తొలి నాయికను మరిచిపోయారు.

ఆ కొత్తవాళ్లలో చాలామంది కూడా నాటకం నుంచే వచ్చారు. దాసరి కోటిరత్నం సొంత నాటక సమాజం నడిపిన ధీరురాలు, మగవేషాల్లోనూ మెప్పించింది. 1935లో ‘సతీ సక్కుబాయి’ నిర్మాణంలో పాలుపంచుకుని తెలుగులో తొలి మహిళా నిర్మాతగా పేరు పొందింది. 1934లో ‘లవకుశ’లో సీతగా సీనియర్ శ్రీరంజని ఇంటింటి పేరైంది. 1935లో ‘హరిశ్చంద్ర’లో చంద్రమతిగా వచ్చిన కన్నాంబ గంభీరమైన గొంతు, ఏ పాత్రకైనా సరిపోయే ఠీవి, నాటకం పెట్టిన భిక్షే. ‘శ్రీకృష్ణ తులాభారం’తో ఋష్యేంద్రమణి వచ్చింది. 1938లో ‘మాలపిల్ల’తో కాంచనమాల పేరు మోగేసరికి గాలి మారింది, పద్యం కన్నా ముఖాన్ని, కళ్లను కెమెరా దగ్గరగా చూడటం మొదలైంది.

తెలుగు నటి ఒకామె ఇంగ్లీషు రంగస్థలం దాకా వెళ్లిన ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలి. రాజమహేంద్రవరంలో 1925లో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి పన్నెండేళ్ల వయసులో సినిమాల్లోకి వచ్చి, 1961లో న్యూయార్కులో రవీంద్రుడి ‘చీకటి గదిలో రాజు’ నాటకానికి ఇంగ్లీషు ప్రదర్శనలో రాణి సుదర్శనగా నటించి అక్కడి విమర్శకుల బహుమతి అందుకుంది. తర్వాత లండన్‌లో స్థిరపడి, భారతీయ కళలు నేర్పే సంస్థ నడిపి, 2005లో అక్కడే కన్నుమూసింది. ఆమెది చదువు, స్వాతంత్ర్యోద్యమ వాతావరణం ఉన్న ఇల్లు; ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు ఆమెకు పెదతండ్రి. కమలాబాయిది డేరా. ఇద్దరి దారులూ వేరు. కానీ తెలుగు ఆడపిల్ల వేదిక మీద నిలబడి పాడటం తప్పు కాదని సూర్యకుమారి తరం అనుకోగలిగిందంటే, ముందు ఎవరో నిలబడి ఉండాలి కదా.

తోటరాముడి తల్లి

1951 మార్చిలో విజయావారి ‘పాతాళభైరవి’ విడుదలైంది. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, ఎన్.టి.రామారావు తోటరాముడు, ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడు. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చిత్రోత్సవంలో ప్రదర్శించిన చిత్రమిది. ఇందులో ఉజ్జయిని రాజుగారి తోటలో పనిచేసే పేద తల్లి వేషం కమలాబాయిది. కొడుకు రాకుమారిని ప్రేమించాడని తెలిసి హడలిపోయే తల్లి. తర్వాత మాయామహలులో ఏం చేయాలో తోచని తల్లి.

పాత్ర చిన్నది. కానీ ఆమె నటనలో ఇరవై ఏళ్ల నాటి డేరా గొంతు అణిగిమణిగి, ఇంటి మాటలా మారిన తీరు గమనించాలి. చెయ్యి ఊపడం తగ్గింది, మాట దగ్గరైంది. కొడుకును గదమాయించే విరుపులో మాత్రం వేదిక అలవాటు మిగిలే ఉంది, అది అందంగానే ఉంది. లీలావతి కొడుకు దేవుణ్ణి కోరుకుని రాజుకు శత్రువయ్యాడు. తోటరాముడు రాజు కూతుర్ని కోరుకుని రాజుకు శత్రువయ్యాడు. రెండు చోట్లా మొండి కొడుకు కోసం గుండె గుప్పిట్లో పెట్టుకుని బతికే తల్లి కమలాబాయే. ‘పాతాళభైరవి’ కథను తర్వాత సురభివాళ్లు కూడా తమ వేదిక మీద ట్రిక్కులతో ఆడి జనాన్ని రప్పించారు. డేరా నుంచి సినిమాకు వెళ్లిన దారి అలా తిరిగి డేరాకే చేరింది.

పేరు, మిగిలినవి

కమలాబాయి పేరు విషయంలో ఒక తికమక తరచూ కనిపిస్తుంది. ఫాల్కే 1913లో తీసిన ‘మోహినీ భస్మాసుర్’ మూకీలో తల్లి దుర్గాబాయి కామత్‌తో కలిసి నటించిన కమలాబాయి గోఖలే మరాఠీ నటి. భారతీయ సినిమాలో తొలి నటీమణుల్లో ఒకరు, నటుడు విక్రమ్ గోఖలేకు నాయనమ్మ. ఆమె వేరు, సురభి కమలాబాయి వేరు. ఇద్దరూ మరాఠీ మూలాలున్నవాళ్లు, ఇద్దరూ సంచార నాటక కుటుంబాల బిడ్డలు, ఇద్దరూ ‘తొలి’ అనే మాటకు దగ్గరివాళ్లు కావడంతో ఒకరి ఘనత ఒకరికి రాసేస్తున్నారు. పిల్లలకు పాఠం చెప్పేవాళ్లయినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. 1967లో ఏవీఎం రంగుల్లో తీసిన ‘భక్త ప్రహ్లాద’లో అంజలీదేవి లీలావతిని చూసిన కోట్లమందికి మొదటి లీలావతి ముఖం తెలియదు. తెలుగు సినిమాకు మొదటి స్త్రీ గొంతు ఇలా ఉండేదని వినిపించడానికి ఆ చిత్రపు శబ్దం మన దగ్గర లేదు. తెర వెనక పాడిన ఆమె పూర్వికుల గొంతుకు ముఖం లేకపోయింది. తెర మీదికి వచ్చిన ఆమెకు పాత ఛాయాచిత్రాలు కొన్ని మిగిలాయి, తొలి గొంతు లేకుండా పోయింది.

సురభి మాత్రం ఉంది. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి హైదరాబాదు శివార్లలోని సురభి కాలనీ నుంచి ఇప్పటికీ ఆడుతోంది. బి.వి.కారంత్ 1990ల్లో వాళ్లతో కొత్త నాటకాలు చేయించాడు. ఆ సమాజానికి అప్పటి సారథి నాగేశ్వరరావుకు, అందరూ సురభి బాబ్జీ అని పిలిచిన ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు నలభై దాటిన సమాజాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే చేతులూ ఇంకా ఆగలేదు. కుప్పం, గుడుపల్లె పల్లెల్లో ప్రతి వేసవిలో భారతం ఆడుతూనే ఉన్నారు. ద్రౌపది వేషం ఇప్పటికీ ఎక్కువగా మగవాళ్లే కడుతున్నారు.

‘పాతాళభైరవి’ ఎలాగూ మళ్లీ మళ్లీ చూస్తాం. ఈసారి చూసినప్పుడు తోటరాముడి తల్లి మాట్లాడుతుంటే పక్కకు లేవకండి. కాసేపు ఆ గొంతు వినండి, పక్కనున్న పిల్లలకు ఆమె పేరు చెప్పండి.